పల్లంరేవు తాడు వదినల కేసు

విదియ. పోటు ఉదయం పదింబావుకి.

ఎండురొయ్యల తట్ట పోయిందని పొద్దున్నే ఫిర్యాదు వచ్చింది. నేను చెప్పులు వేసుకునేలోపే జిల్లా బుర్ర కేసు తేల్చేసింది. దొంగ కాకి. అది ఎగిరిన దిక్కు, వాలిన గుంజ నెంబరు కూడా పంపింది. చెప్పులు విప్పి మళ్ళీ కూర్చున్నాను.

జిల్లా కేంద్రంలో ఉండే ఆ యంత్రానికి పెద్ద పేరేదో ఉంది గానీ ఊళ్ళో అందరం బుర్ర అనే అంటాం. నీటి సందుల్లో, పడవల రేవులో, ప్రతి మలుపులోనూ దానికి కళ్ళున్నాయి. ఇంటికీ ఇంటికీ మధ్య మాత్రం లేవు. మా స్నానాలూ మా కాపురాలూ దానికెందుకని అది వచ్చిన కొత్తలోనే, పదేళ్ళ కిందట, మా ఆడవాళ్ళు తెడ్లు పట్టుకుని జిల్లాకి వెళ్ళి సాధించుకొచ్చారు. మిగతా ఊరంతా అదే చూసుకుంటుంది కాబట్టి కొప్పాడ సుభద్ర అనే ఈ డిటెక్టివ్‌కి కాకిని పట్టుకునే పని కూడా మిగల్లేదు.

ఇంతలో ఎస్సై యోహానుగారు ఓ ఉత్తరం పట్టుకొచ్చి పైకి చదివారు. "పల్లంరేవు వంటి చిన్న పట్టణమునకు డిటెక్టివ్ పోస్టు యొక్క ఆవశ్యకతను పౌర్ణమి లోగా నిరూపించవలెను."

"ఏం రాద్దామమ్మా?" అన్నారు.

"మీరే చెప్పండి సార్. పదకొండేళ్ళుగా నన్ను చూస్తున్నారుగా."

ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, చాలాసేపు నిజాయితీగా ఆలోచించారు. "అందరిళ్ళకీ చుట్టంలా వెళ్తావు," అన్నారు చివరికి. అది కారణంగా రాయడానికి పనికిరాదని ఇద్దరికీ తెలుసు.

పదింబావుకి స్టేషన్‌లో ప్రమాద గంట మోగింది. మా ఇళ్ళన్నీ నీటి మీద తేలుతూ గుంజలకి కట్టి ఉంటాయి. నాలుగో వరసలో బండెమ్మ ఇల్లు గుంజ వదిలి తేలిపోతోందట. నేను పడవేసుకుని వెళ్ళేసరికి మనిషి లేని తోపుపడవ వచ్చి, ఇంటిని నెట్టుకెళ్ళి యథాస్థానంలో పెట్టేసింది. మూడిళ్ళ దూరం కూడా పోలేదు. బండెమ్మ ఎండగుడ్డలు కుడుతుంది. ఇళ్ళ కప్పుల మీద పరిస్తే కరెంటు ఇచ్చే గుడ్డలవి. ఊళ్ళో సగం దీపాలు ఆవిడ కుట్టు మీదే వెలుగుతాయి. యాభైకి దగ్గరపడిన మనిషి, ఒక్కతే ఉంటుంది, ఎవరికీ భయపడదు. నేను అడుగుపెట్టేసరికి కిటికీ గట్టు మీద రెండు గ్లాసుల్లో టీ పొగలు కక్కుతోంది. ఒకటి తను తీసుకుంది, ఒకటి నేను తాగాను. అల్లం, బెల్లం, రెండూ దండిగా పడ్డాయి. ఇంటిని గుంజకి పట్టి ఉంచే యంత్రపు కొక్కెం పాడై ఉంటుందని రాసుకుని వచ్చేశాను.

పంచమి. పోటు మధ్యాహ్నం పన్నెండూ నలభైకి.

బండెమ్మ ఇల్లు మళ్ళీ ఊడింది. ఈసారి బడి తెప్ప దాకా వెళ్ళి గోడకి మెల్లగా తగిలింది. లెక్కల పరీక్ష ఆగిపోయినందుకు పిల్లలు బండెమ్మకి చప్పట్లు కొట్టారట.

కొక్కెం విప్పి చూశాను, వీర్రాజు చేత బరువు వేయించి లాగించాను. కానిస్టేబుల్ వీర్రాజు తొంభై కిలోలుంటాడు. కొక్కెం కదల్లేదు. అంటే ఎవరో మీట నొక్కి చేత్తో వదిలించారు. ఇది పాడైన కేసు కాదు, నేరం.

మా ఊళ్ళో ఇది చిన్న నేరం కాదు. ఊరు నీటి మీదికి వచ్చినప్పటి నుంచీ ఒక పద్ధతుంది. మన ఇంటి తాడు మనం ముట్టుకోకూడదు. ఎడమ పక్కవాళ్ళు మనది కడతారు, మనం కుడి పక్కవాళ్ళది కడతాం. పోటు తిరిగినప్పుడల్లా, రోజుకు రెండుసార్లు, వెళ్ళి సడలించి కట్టి రావాలి. అలా కట్టుకునేవాళ్ళు తాడు వదినలూ తాడు బావలూ అవుతారు. పెళ్ళికి మొదటి పిలుపు వాళ్ళకే. ఇంట్లో మనిషి పోయిన రోజు ఒక్కటే ఇంటివాళ్ళు తమ తాడు తాము విప్పుతారు. అందుకే బతికుండగా ఎవరూ దాని మీద చెయ్యి వెయ్యరు. రెండు నెలల కిందట మున్సిపాలిటీ యంత్రపు కొక్కేలు బిగించాక ఆ రాకపోకల పని తప్పింది. పోటుకి అదే సడలుతుంది, ఆటుకి అదే బిగుస్తుంది. నిజం చెప్పొద్దూ, నేను కూడా హాయిగా నిద్రపోతున్నాను.

పని తప్పినా చట్టం మారలేదు. ఇల్లు కొట్టుకుపోతే తప్పు తాడు కట్టాల్సినవాళ్ళదే. నేను స్టేషన్‌కి వచ్చేసరికి బుర్ర నివేదిక సిద్ధంగా ఉంది. ముద్దాయి ఎడమ పక్కింటి పోలమ్మ, తొంభై నాలుగు శాతం ఖాయం. కారణం పాత తగాదా.

ఆ తగాదా ఊరందరికీ తెలుసు. మూడేళ్ళ కిందట పోలమ్మ పెంచిన కోడి ఒకటి నెల రోజులపాటు బండెమ్మ కప్పు మీదికెళ్ళి గుడ్లు పెట్టింది. మా కప్పు మీద పెట్టినవి మావి అని బండెమ్మ అట్లేసుకుంది. మా కోడి పెట్టినవి మావి అని పోలమ్మ అంది. పదకొండు గుడ్లు. కోడి ముసలిదై పోయింది గానీ మాటలు మళ్ళీ కలవలేదు.

అన్నట్టు, బండెమ్మ ఇంట్లో ఈరోజు కూడా నేను వెళ్ళేసరికి రెండు గ్లాసుల టీ సిద్ధంగా ఉంది. ఆ ఇంట్లో మర్యాద ఎక్కువ.

అష్టమి. పోటు మధ్యాహ్నం మూడింటికి.

మూడోసారి. ఇక నవ్వులాట లేదు. ఇల్లు నాలుగు వరసలు దాటిపోయి మంచినీళ్ళ తెప్పని గుద్దింది, గొట్టం విరిగింది. రెండు వరసల జనం బిందెలు పట్టుకుని స్టేషన్ ముందుకొచ్చారు. మా స్టేషన్ తెప్ప వాళ్ళ బరువుకి ఒక పక్కకి ఒరిగింది, ఫైళ్ళన్నీ యోహానుగారి ఒళ్ళోకి జారాయి.

సాయంత్రానికి బుర్ర నుంచి నోటీసు. పోలమ్మ ఇంటిని పౌర్ణమి నాడు గాలి వరసకి తరలించవలెను. ఊరి చివర, సముద్రం వైపు ఉండే వరస అది. అక్కడ అలలకి కంచంలో అన్నం నిలవదు. పోలమ్మకి ఇంటి కింద బుట్టల్లో పీతపిల్లల పెంపకం ఉంది. నీరు కదలకుండా ఉంటేనే బతుకుతాయవి. గాలి వరసలో రెండో రోజుకి ఒక్కటి మిగలదు. ముప్ఫై ఏళ్ళ పని. నోటీసు గోప్యం, ముద్దాయికి తప్ప ఎవరికీ చెప్పకూడదు, డిటెక్టివ్ సంతకం తప్పనిసరి.

నోటీసు పట్టుకెళ్ళేసరికి పోలమ్మ మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి బుట్టలు కడుగుతోంది. చదివి వినిపించాను. పైకి కూడా చూడలేదు.

"నువ్వు విప్పావా అక్కా?"

"బుర్ర సెప్పింది కదమ్మా."

"బుర్ర సంగతి నాకెందుకు. నువ్వు చెప్పు."

"సెప్పేదేం లేదు సుభద్రమ్మా. ఎక్కడ సంతకమెట్టాలో సూపించు."

"గాలి వరసకి పంపేస్తారక్కా. పీతలు చచ్చిపోతాయి."

"ఆయ్, పోతాయి." చేతిలో బుట్టని మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. కడుగుతూనే, "దానికేం దెబ్బ తగల్లేదు కదా?" అంది.

"బండెమ్మకా? దివ్యంగా ఉంది. నాకు టీ కూడా ఇచ్చింది."

"ఇంకా బెల్లమే ఏత్తందా?"

వేస్తోందన్నాను. తల ఊపింది. నేను సంతకం పెట్టకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టలేదంటే చెప్పలేను. ఒళ్ళు మండింది, అంతే.

ఏకాదశి. పోటు సాయంత్రం అయిదున్నరకి.

మూడు రోజులుగా ఊరు గాలిస్తున్నాను. వేరే ముద్దాయి దొరకడం లేదు. పెద్ద పీత ఏదైనా మీట నొక్కిందేమోనని పీతకి మీట అందించి చూశాను. నా వేలు నొక్కింది. ఆకతాయిల పనేమోనని వలలు బాగుచేసే కుర్రాళ్ళని నిలబెట్టి అడిగాను. ఇల్లు ఊడిన మూడు రోజులూ వాళ్ళు సముద్రం మీదే ఉన్నారని బుర్రే సాక్ష్యం చెప్పింది.

ఇల్లు ఊడిన వేళలు గోడ మీద రాసుకున్నాను. మూడుసార్లూ సరిగ్గా పోటు తిరిగే నిమిషానికే. ఆటు లాక్కుపోతుందని ముద్దాయి ఆ వేళ ఎంచుకున్నట్టు బుర్ర రాసింది. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

"సంతకం పెట్టేయమ్మా," అన్నారు యోహానుగారు. "నువ్వు పెట్టకపోతే ఇంకొకరు పెడతారు. అప్పుడు నీ పోస్టూ పోతుంది."

"పెట్టినా పోతుంది కదా సార్. బుర్ర చెప్పిందానికి సంతకం పెట్టడానికి డిటెక్టివ్ ఎందుకు, రబ్బరు స్టాంపు చాలు."

ఆయన లేచి, నా ముందున్న ఖాళీ గ్లాసు తీసుకెళ్ళి కడిగి పెట్టారు. పదకొండేళ్ళలో మొదటిసారి.

త్రయోదశి. పోటు ఉదయం ఏడింటికి.

పొద్దున్నే స్టేషన్‌లో టీ పెట్టుకుంటున్నాను. నీళ్ళు మరిగి, అల్లం దంచి, పొంగు వచ్చి, దించి, వడకట్టేసరికి పావుగంట పట్టింది. గ్లాసు నోటి దాకా తెచ్చుకుని ఆగిపోయాను.

గంట మోగిన అయిదు నిమిషాలకల్లా నేను బండెమ్మ ఇంట్లో ఉన్నాను. టీ అప్పటికే గ్లాసుల్లో ఉంది. అంటే ఇల్లు ఊడకముందే పొయ్యి మీద పెట్టింది. ఒక్కతే ఉండే మనిషి రెండు గ్లాసులు పోసింది. అవి నాకోసం కాదు. నేను పిలవని పేరంటానికి వెళ్ళి కేసులో ఉన్న ఏకైక సాక్ష్యాన్ని తాగేశాను. ఒకసారి కాదు, మూడుసార్లు.

ఇంకో మాట కూడా అప్పుడే తట్టింది. మూడేళ్ళుగా గడప తొక్కని పోలమ్మకి టీలో బెల్లం సంగతి ఎలా తెలుసు?

పడవని తోస్తున్నానో ఎగరేస్తున్నానో తెలియకుండా నాలుగో వరసకి వెళ్ళాను. పోలమ్మ పీత బుట్టల్ని నీళ్ళలోంచి పైకి తీసి వరసగా పెడుతోంది, సామాను సర్దుతోందన్నమాట.

"అక్కా, కొక్కేలు రాకముందు తాడు కట్టడానికి వెళ్ళినప్పుడు బండెమ్మ నీకు టీ ఇచ్చేదా?"

పోలమ్మ ఇంకో బుట్ట పైకి లాగింది. "ఇచ్చేది కాదు. కిటికీ మీద పెట్టి, అటు తిరిగి కూకునేది. నేను తాడు కట్టేసి, తాగేసి, గలాసు కడిగి బోర్లించి వచ్చేదాన్ని."

"మూడేళ్ళూ?"

"రోజుకి రెండుసార్లు. జొరమొచ్చినా ఎల్లాను. మాటా పలుకూ ఏం లేదమ్మా. కోపం కోపవే."

"మరి కొక్కెం ఎవరు విప్పారో నీకు తెలుసు."

పోలమ్మ చేతిలో బుట్ట కింద పెట్టింది. "నా కిటికీలోంచి కనిపిత్తది."

"చూసి కూడా చెప్పలేదా? నిన్ను గాలి వరసకి పంపుతున్నారక్కా."

"దాని తాడు అది ముట్టుకుందని నా నోటితో ఎలా సెప్పనమ్మా? ఇంట్లో సావొచ్చినట్టు ఊరంతా దాన్ని సూత్తది. రేపట్నుంచి ఎవరూ గుడ్డ కుట్టించుకోరు. పీతలదేవుంది, మళ్ళీ పెంచుకుంటాను."

డిటెక్టివ్ అని కూడా చూడకుండా కళ్ళు తుడుచుకున్నాను.

అక్కణ్ణుంచి ఒక్క అడుగు వేస్తే బండెమ్మ అరుగు. కిటికీ మీద ఈరోజు ఒక్కటే గ్లాసు ఉంది.

"నేనే విప్పాను," అంది నేను కూర్చోకముందే. "ఏటి సెయ్యమంటారు. ఇల్లు ఊడితే తాడొదిన పరిగెత్తుకొచ్చి కట్టాల గదా, అది పద్ధతి. రానీ అని టీ పోసి కూకున్నాను. అది వచ్చేలోపల ఆ దిక్కుమాలిన తోపుపడవ వచ్చేత్తంది, దానెనకాల మీరొచ్చేత్తన్నారు. ఇంకాస్త దూరం పోతే వత్తదేవోనని రెండోసారి. మూడోసారి నీళ్ళ గొట్టం ఇరిగింది. భయపడి మానేశాను."

"ఊరికే పిలవొచ్చుగా."

"ముందు పిలిసినోళ్ళే ఓడిపోయినట్టు కదండీ."

నోటీసు తీసి చూపించాను. గోప్యం అని ఉన్న చోట వేలు అడ్డం పెట్టాను. బండెమ్మ చదువుతూ లేచి నిలబడింది. సూది చేతిలోంచి జారి నీళ్ళలో పడింది.

"అది నన్ను సూసిందా?"

"చూసింది."

"సూసి కూడా..." అని ఆగిపోయి, అరుగు మీదికి వెళ్ళి, పక్కింటి వైపు చూస్తూ నిలబడింది. అక్కడ పోలమ్మ అటు తిరిగి బుట్టలు లెక్కపెట్టుకుంటోంది.

స్టేషన్‌కి తిరిగొచ్చాక పాత బీరువా తెరిచాను. పదేళ్ళ కిందట బుర్ర మా ఊరికి కొత్తగా వచ్చినప్పుడు ఊరి అలవాట్ల గురించి మూడువందల నలభై ప్రశ్నలు పంపింది. డిటెక్టివ్ కాబట్టి జవాబులు నన్నే రాయమన్నారు. నూట పన్నెండో ప్రశ్న: ఇంటి యజమాని తన తాడును తానే విప్పు అవకాశము గలదా? పక్కన నా చేతిరాత. ఎన్నటికీ లేదు. కింద రెండు గీతలు.

బుర్ర తప్పు చేయలేదు. నేను నేర్పిందే నాకు అప్పజెప్పింది. ఆ గుంజ దగ్గరికి రెండు అరుగుల మీంచీ దారి ఉందని తెలిసి కూడా నేను ఒకదాన్నే చూశాను.

పౌర్ణమి. పోటు ఉదయం ఎనిమిదిన్నరకి.

రేవు కోర్టు అంటే మా స్టేషన్ హాలే. బల్ల మీద బుర్ర తెర, యోహానుగారు, ఒక మూల పోలమ్మ, దూరంగా ఇంకో మూల బండెమ్మ. తెప్ప బరువు సరిపోయింది. తలుపులు మూయించాను, బయటి జనానికి వినబడాల్సిన విషయం కాదు.

నూట పన్నెండో ప్రశ్నకి జవాబు కొట్టేసి, "ఒక్కోసారి" అని రాసి తెరకి చూపించాను.

బుర్ర ఇంతకుముందెప్పుడూ అంతసేపు ఆలోచించడం చూడలేదు. యోహానుగారు కునుకు తీసి లేచారు. అప్పుడు తెర మీద వచ్చింది: పోలమ్మ నిర్దోషి. యజమానియే విప్పినట్లు తొంభై ఏడు శాతం. వర్తించు సెక్షన్ వెతకబడుచున్నది. మళ్ళీ వెతకబడుచున్నది. సెక్షన్ లభించలేదు.

ఎలా లభిస్తుంది? సొంత తాడు విప్పుకునేవాళ్ళుంటారని చట్టం రాసినవాళ్ళు కూడా అనుకోలేదు. వాళ్ళూ మా ఊరివాళ్ళే కదా. నీళ్ళ తెప్పకి కొత్త ఎండగుడ్డ ఊరికే కుట్టి ఇస్తానని బండెమ్మ తనంతట తానే ఒప్పుకుంది.

"కేసు మూసేద్దామా?" అన్నారు యోహానుగారు.

"అప్పుడే ఎక్కడ సార్. దర్యాప్తు సాగుతోంది. ఆ గుంజ కొక్కెం సాక్ష్యంగా స్వాధీనం చేసుకుంటున్నాను. అది స్టేషన్‌లో ఉన్నన్నాళ్ళూ ఆ ఇంటికి పాత పద్ధతిలో తాడే కట్టాలి."

"ఎన్నాళ్ళుంటుందమ్మా?"

"సాక్ష్యం కదా సార్. తొందరపడకూడదు."

ఆయన నా వంకా, రెండు మూలల వంకా చూసి, స్వాధీనం రసీదు రాశారు. పోలమ్మ గానీ బండెమ్మ గానీ ఒకరి వైపు ఒకరు చూసుకోలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఇద్దరూ ఒకేసారి వచ్చి, నువ్వెళ్ళమంటే నువ్వెళ్ళమన్నట్టు ఇద్దరూ వెనక్కి తగ్గారు. వీర్రాజు పనిమీద వెళ్తున్నట్టు మధ్యలోంచి దూరిపోయాడు.

సాయంత్రం జిల్లా నుంచి ఉత్తరం వచ్చింది. నూట పన్నెండో జవాబు తప్పని తేలినందున మిగిలిన మూడువందల ముప్ఫై తొమ్మిది జవాబులను కూడా డిటెక్టివ్ ఇంటింటికీ స్వయముగా వెళ్ళి సరిచూడవలెను. పోస్టు కొనసాగించడమైనది. చుట్టంలా వెళ్ళడం కూడా ఉద్యోగమేనని యోహానుగారు ఆ ఉత్తరాన్ని గోడకి అంటించారు.

బహుళ విదియ. పోటు ఉదయం పదింబావుకి.

మొదటి ప్రశ్న సరిచూసుకునే నెపంతో నాలుగో వరసకి వెళ్ళి, ఎదురింటి అరుగు మీద కూర్చున్నాను. పోటు తిరిగింది. పోలమ్మ వచ్చి, గట్టిగా దగ్గి, గుంజ దగ్గర కూర్చుని తాడు సడలించి కట్టింది. రెండు నెలలు అలవాటు తప్పింది కదా, ముడి రెండుసార్లు వేసింది. బండెమ్మ అటు తిరిగి కూర్చుని కుడుతోంది. ఇద్దరూ ఇంకా మాట్లాడుకోవడం లేదు.

కిటికీ మీద టీ ఉంది. పోలమ్మ తాగింది, గ్లాసు కడిగి బోర్లించింది. కొంగులోంచి ఏదో తీసి గ్లాసు పక్కన పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

కోడిగుడ్డు.

బండెమ్మ ఇటు తిరిగి దాన్ని చూసి, రెండు చేతులతో తీసుకుంది. నేను చేయి ఊపాను. నన్ను చూసింది గానీ టీకి మాత్రం పిలవలేదు.